యెలుగుకి సప్పుడేటి సార్?

సైన్స్ డే దగ్గర పడుతోందంటే మా హైస్కూల్లో చార్టుల హడావుడి మొదలవుతుంది. ఏటా వచ్చేవి అవే. సౌర కుటుంబం, నీటి చక్రం, గుండె అడ్డుకోత, తలపాగాతో రామన్ గారు. ఈసారి తొమ్మిదో తరగతి ఆడపిల్లలిద్దరు "ఎవరూ ఎయ్యనిది సెప్పండి సార్" అని వెంటపడ్డారు. ఫోన్‌లో దాచుకున్న ఫోటో ఒకటి చూపించాను. మధ్యలో ఎర్రటి చుక్క, దాని చుట్టూ సుళ్ళు సుళ్ళుగా లేత గోధుమ రంగు మేఘం. వి838 మోనోసెరోటిస్ అనే నక్షత్రం అది. మనకి సుమారు 20,000 కాంతి సంవత్సరాల దూరం. 2002 జనవరిలో ఉన్నట్టుండి భగ్గుమంది. కొన్నాళ్ళు మన సూర్యుడికి ఆరు లక్షల రెట్లు వెలిగి చల్లారింది. చల్లారాక హబుల్ టెలిస్కోపు నెలల తరబడి ఫోటోలు తీస్తే, ఒక్కో ఫోటోకీ చుట్టూ ఉన్న మేఘం పెద్దదవుతూ వచ్చింది.

పిల్లలు వరండాలో చార్టు పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా డస్టరు, టిఫిన్ బాక్సు, రెండు చెప్పులు బరువు పెట్టి, బొమ్మ బాగానే వేశారు. పైన పేరేం రాయాలని అడిగారు. తెలుగులో రాసేవాళ్ళు వాడే మాటే చెప్పాను. "కాంతి ప్రతిధ్వని అని రాయండమ్మా." ఒకమ్మాయి "కాంతి ప్రతి" వరకూ రాసి ఆగింది. స్కెచ్ పెన్ను మూత పళ్ళ మధ్య ఉంది. దాన్ని తీసి అడిగింది.

"యెలుగుకి సప్పుడేటి సార్?"

"చప్పుడు కాదమ్మా, అలా అంటారంతే" అన్నాను. సరేనని రాసేసింది. మాస్టారు అంతే అన్నాక ఇంకేం అడుగుతుంది? నాకే ఆ "అంతే" మింగుడు పడలేదు. నరసన్నపేట దాకా బస్సులో దాన్నే నములుతూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను, ఈ మాట ఎన్నిసార్లో చదివాను, ఒక్కసారీ నాకు తట్టలేదు.

అప్పటి నుంచి నెల రోజులుగా దీని మీద నాతో నేనూ, స్టాఫ్ రూంలో ఇంకొందరితోనూ వాదించుకుంటున్నాను. నాకు తేలింది ముందే చెప్పేస్తాను. "కాంతి ప్రతిధ్వని" పనికిరాని మాట. వినసొంపుగా లేదని కాదు. జరిగేదాన్ని తప్పుగా చూపిస్తుంది.

ఇంగ్లీషులో లైట్ ఎకో అంటారు. అక్కడా ఎకో అంటే చప్పుడు సంగతే. కానీ ఆ మాటలో చప్పుడు పైకి కనబడదు. దాన్ని కాంతికో, జ్ఞాపకానికో, ఆస్పత్రిలో గుండె పరీక్షకో తగిలించినా ఎవరూ ఉలిక్కిపడరు. మన ప్రతిధ్వనిలో ధ్వని నెత్తిన కిరీటం పెట్టుకుని కూర్చుంది. పక్కన కాంతిని నిలబెడితే తొమ్మిదో తరగతి పిల్లకి కూడా ఎక్కడో అతకలేదని తెలిసిపోతుంది. మనం పెద్దవాళ్ళం కాబట్టి తెలియడం మానేసింది.

గోడ లేని చోట

అయినా చప్పుడు సంగతి చిన్నదే. నా అసలు ఫిర్యాదు ఇంకొకటి. ప్రతిధ్వని అనగానే మనకి కొండ గుర్తొస్తుంది. రామతీర్థం పిక్నిక్‌కి తీసుకెళ్తే పిల్లలు ముందు చేసే పని ఆ నున్నటి రాతికొండకి ఎదురుగా నిలబడి కేక పెట్టడం. ఒక కేక పోతుంది, ఒక కేక వస్తుంది. ఒక గోడ, ఒక దూరం, ఒక ఆలస్యం. లెక్క తేలిక.

నక్షత్రం దగ్గర గోడ లేదు. భగ్గుమన్నప్పుడు వెలుగు అన్ని వైపులకీ బయలుదేరుతుంది. అందులో మన వైపు తిన్నగా వచ్చింది ముందు వచ్చేస్తుంది. దాన్నే మనం పేలుడు అంటాం. మిగతాది ఎటో పోతూ దారిలో ధూళి తగిలితే, కొంత మన వైపు తిరుగుతుంది. చుట్టుదారి కాబట్టి ఆలస్యం. మన చూపు దారికి దగ్గరగా ఉన్న ధూళి నుంచి కొద్ది రోజులు ఆలస్యం, పక్కగా ఉన్నదాన్నుంచి నెలలు, దూరంగా పక్కకో వెనకకో ఉన్నదాన్నుంచి ఏళ్ళు, వందల ఏళ్ళు. ఈ రోజు మనకి కనబడే వలయం ఒక ఆలస్యానికి సరిపోయిన ధూళి. వచ్చే నెల కనబడేది వేరే ధూళి. మేఘం ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద వెలుగు జరుగుతోంది. హబుల్ ఫోటోల్లో 2002 మే నుంచి డిసెంబరు లోపల ఆ మేఘం నాలుగు కాంతి సంవత్సరాల వెడల్పు నుంచి ఏడుకి ఉబ్బినట్టు కనబడింది. ఏదీ ఉబ్బలేదు.

దీనికి ప్రతిధ్వని కంటే ఉరుము దగ్గర చుట్టం అనిపిస్తుంది నాకు. మెరుపు కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. ఉరుము మాత్రం పటేల్మని మొదలై గుడగుడమంటూ అలా దొర్లుతూనే ఉంటుంది. ఎందుకంటే మెరుపు గీత కిలోమీటర్ల పొడవు. దాని దగ్గరి కొస నుంచి శబ్దం ముందొస్తుంది, దూరపు కొసది వెనక వస్తుంది. కిలోమీటరుకి మూడు సెకన్ల చొప్పున ఆలస్యం. పుట్టింది ఒక్కసారే, చేరింది సాగదీసుకుని. వైశాఖంలో గాలివాన వచ్చే ప్రతి సాయంత్రం మా పిల్లలు వినేదే ఇది. కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా మీద నాకే అనుమానం. ఉరుములో మెరుపే పొడుగ్గా ఉంది. నక్షత్రమేమో చుక్క, పొడుగ్గా ఉన్నది చుట్టూ ధూళి. పైగా ఉరుమైనా చప్పుడే కదా, మళ్ళీ అక్కడికే వచ్చాం. అందుకని క్లాసులో చెప్పేటప్పుడు ఉరుముతో మొదలుపెట్టి భోగి మంట దగ్గరికి వెళ్ళాను.

మా వీధిలో భోగి మంట రామకోవెల ముందు వేస్తారు. దుంగలు నిదానంగా కాలుతుంటాయి, చలికి అందరూ చేతులు చాపి నిలబడతారు. అంతలో ఏ కుర్రాడో ఎండు తాటాకుల కట్ట తెచ్చి పడేస్తాడు. మంట ఒక్కసారి ఇంతెత్తున లేస్తుంది. ఆ క్షణంలో చుట్టూ ముఖాలు, కోవెల గోడ మీద హనుమంతుడి బొమ్మ, వీధి చివర వాటర్ ట్యాంకు అన్నీ పసుపుగా కనిపించి మళ్ళీ చీకట్లోకి పోతాయి. ఇప్పుడు వెలుగు నత్త నడక నడుస్తుందనుకోండి. తాటాకు మంట ఆరిపోయింది. ఆరాక ముందు దగ్గరి ముఖాలు వెలుగుతాయి. అవి నల్లబడ్డాక కోవెల గోడ. హనుమంతుడు చీకట్లో కలిసిపోయిన చాలాసేపటికి ట్యాంకు. అప్పుడే నిద్ర లేచి గుమ్మంలోకి వచ్చిన ముసలమ్మకి మంట కనపడదు, ట్యాంకు ఒక్కటే ధగధగా కనపడుతుంది. వెలుగు నడుస్తుందని తెలియని మనిషికి ఎలా ఉంటుంది? పచ్చటిదేదో మంటలోంచి పుట్టి, ముఖాల మీదుగా గోడ మీదకి, గోడ మీదనుంచి ట్యాంకు మీదకి పరిగెత్తినట్టు ఉంటుంది.

1901లో ఖగోళ శాస్త్రవేత్తలకి సరిగ్గా ఇలాగే అయింది. ఆ ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో థామస్ ఆండర్సన్ అనే ఆయన పెర్సియస్ రాశిలో కొత్త చుక్కని చూశాడు. ఉద్యోగరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాడు, ఆకాశం చూసే సరదా ఉన్న మనిషి. అలా ఉన్నట్టుండి వెలిగే చుక్కని నోవా అంటారు. ఆ నోవా ఒకటి రెండు రోజులు ఆకాశంలో అతి ప్రకాశమైన నక్షత్రాల సరసన నిలిచింది. కొన్ని నెలలకి తీసిన ఫోటోల్లో దాని చుట్టూ పలచటి మేఘం. అమెరికాలో యెర్కీస్ వేధశాలలో రిచీ, లిక్ వేధశాలలో పెరిన్ మళ్ళీ మళ్ళీ ఫోటోలు తీస్తే ఆ మేఘం వారాల్లోనే జరిగిపోతోంది. దూరంతో హెచ్చవేసి చూస్తే నక్షత్రం నుంచి ఊడిన పదార్థమేదీ పోలేని వేగం, కాంతి వేగం దరిదాపుల్లో. కాంతి వేగాన్ని దేనికీ దాటడం కుదరదని ఐన్‌స్టీన్ చెప్పడానికి ఇంకా నాలుగేళ్ళుంది, అయినా ఎవరికీ మింగుడు పడలేదు. హాలెండులో కాప్తెయిన్ చెప్పిన జవాబు మన భోగి మంటే. పోతున్నది పదార్థం కాదు, వెలుగు. ధూళి ముందునుంచీ అక్కడే ఉంది. కాంతి వేగాన్ని మించినట్టు ఎందుకు కనబడుతుందో జ్యామితి అంతా విడమర్చి రాసింది ఫ్రాన్సులో పాల్ కూడెర్క్. అదీ 1939లో.

ఆ జ్యామితి బోర్డు మీద పావుగంటలో అయిపోతుందని నాకు ఈ మధ్యే తెలిసింది. నక్షత్రం నుంచి మన వైపు 8 కాంతి సంవత్సరాల దూరంలో ధూళి తెర ఒకటి అడ్డంగా కట్టి ఉందనుకోండి. తిన్నగా వచ్చే వెలుగు 8 ఏళ్ళకి తెరను దాటుతుంది. అదే తెర మీద 6 కాంతి సంవత్సరాలు పక్కగా ఉన్న రేణువు దగ్గరికి పోయే వెలుగు కర్ణం వెంట పోవాలి. 64, 36 కలిపితే 100. కర్ణం 10. అక్కడినుంచి మన దాకా రెంటికీ దారి దాదాపు సమానం, ఎందుకంటే మనం వేల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాం. అంటే పక్కదారి వెలుగు రెండేళ్ళు లేటు. పేలుడు చూసిన రెండేళ్ళకి మనకి 6 కాంతి సంవత్సరాల వ్యాసార్ధంతో వలయం కనబడుతుంది. రెండేళ్ళలో ఆరు, అంటే కాంతికి మూడు రెట్ల వేగం!

"అయితే ఎవుడూ పరిగెట్టనేదా సార్?" అంది రెండో అమ్మాయి.

పరిగెట్టలేదు. రెండు వెలుగులూ తమ మామూలు వేగంతోనే వచ్చాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. మధ్యలో ఉన్న పరుగు మనం కల్పించుకున్నది. ఇది చెప్పడానికి "ప్రతిధ్వని" ఎక్కడ సాయపడింది? ఎక్కడా లేదు. కొండా కేకా చెబితే ఈ పరుగు అసలు రాదు.

రెండో దర్శనం

అరసవల్లి సంగతి మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజుల పాటు పొద్దున్నే ఎండ గుమ్మాలన్నీ దాటి తిన్నగా వెళ్ళి సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడుతుంది. కొన్ని నిమిషాలే. దానికోసం జనం తెల్లారకముందే వచ్చి నిలబడతారు. ఒక మార్చిలో మా అమ్మని తీసుకెళ్ళాను. సరిగ్గా ఆ వేళకి తూర్పున మబ్బు. జనమంతా ఒకసారి మబ్బు కేసి, ఒకసారి లోపలికి చూస్తున్నారు. మబ్బు జరగలేదు. "మబ్బట్టీసినాది. మల్లీ అక్టోబర్లోనే" అంది అమ్మ, చీర కొంగు సర్దుకుంటూ. పెద్దగా నిరాశపడ్డట్టు కూడా లేదు. రావడం ఎలాగూ వచ్చింది కదా. నేనే తిరుగు ప్రయాణంలో మొహం ముడుచుకుని కూర్చున్నాను.

ఆ అక్టోబరు వెలుగు వేరే వెలుగు. మార్చిలో పోయింది పోయిందే. ఆకాశంలో మాత్రం పోయిన వెలుగుకి ఇంకో అవకాశం ఉందని, దాన్ని మనుషులు నిజంగా పట్టుకున్నారని తెలిసినప్పుడు నాకు ఆ మబ్బు గుర్తొచ్చింది.

1572 నవంబరులో కాసియోపియా అనే తారల గుంపులో ఒక నక్షత్రం పేలింది. డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ చూశాడు, పగలు కూడా కనబడిందని రాశాడు, ఎంత ప్రకాశమో ఎప్పటికప్పుడు పోల్చి రాసుకున్నాడు. టెలిస్కోపు లేదు. వెలుగుని రంగులుగా విడదీసి అందులో ఏ మూలకాలున్నాయో చూడొచ్చన్న ఊహ కూడా అప్పటికి లేదు. ఏడాది దాటి కొన్ని నెలలకి అది కంటికి ఆనకుండా పోయింది. అయితే అదే పేలుడు వెలుగులో కొంత ఇంకెటో పోయి, ఒక ధూళి మేఘాన్ని తాకి, మన వైపు తిరిగి, 436 ఏళ్ళు ఆలస్యంగా 2008లో హవాయిలో సుబారు టెలిస్కోపు అద్దం మీద పడింది. దాన్ని వర్ణపటంగా విడదీశారు. వన్ ఏ రకం సూపర్నోవా అని తేల్చారు. అంటే శ్వేత కుబ్జ తార, ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, ఒకటి పూర్తిగా పేలిపోవడం. టైకో చూసిన వెలుగే. ఆయన సాయంత్రం చూశాడు, మనం మర్నాడు చూసినట్టు.

ఇంతకన్నా వింత కాస్ A (కాసియోపియా A) అనే, పేలిపోయిన నక్షత్రపు శిథిలానిది. 1680 ప్రాంతంలో దాని వెలుగు భూమిని చేరి ఉండాలి, కానీ చూశామని గట్టిగా రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ సరిగ్గా చూడని పేలుడు. దాని పక్కదారి వెలుగుని కూడా 2008లోనే పట్టుకుని అది ఏ రకం పేలుడో చెప్పారు. ఆ తర్వాత వేర్వేరు దిక్కుల్లో ఉన్న ధూళి నుంచి వచ్చిన వెలుగుల్ని పోల్చి చూస్తే, ఒక దిక్కున పదార్థం మిగతా వైపులకంటే వేగంగా దూసుకుపోయినట్టు తేలింది. పేలుడు గుండ్రంగా లేదన్నమాట. మంగలి షాపులో కటింగ్ అయ్యాక వెనక ఇంకో అద్దం పట్టి మన మెడ మనకే చూపిస్తాడే, అదీ ఇది. నక్షత్రం వీపు చూశారు. తిన్నగా వచ్చిన వెలుగులో ఎంత వెతికినా ఇది దొరకదు.

ఇంకొకటి మన సముద్రానికి సంబంధించింది. దక్షిణాకాశంలో ఎటా కారినే అనే జంట నక్షత్రం ఉంది. 1837 నుంచి ఇరవయ్యేళ్ళకి పైగా చెలరేగింది. 1843లో కొన్నాళ్ళు సిరియస్ తర్వాత ఆకాశంలో రెండో స్థానం దానిదే, అంటే మన అగస్త్య నక్షత్రాన్ని కూడా దాటేసింది. మన అక్షాంశం నుంచి అది దక్షిణ దిక్కున ఆకాశం అంచు నుంచి పన్నెండు డిగ్రీల కంటే పెద్దగా పైకి రాదు. కళింగపట్నం రేవులో లంగరు వేసిన ఓడ మీద నుంచి ఆ వేసవి రాత్రి దక్షిణానికి చూసిన సరంగుకి నీళ్ళమీద కొద్ది ఎత్తులో కొత్త వెలుగు కనిపించే ఉండాలి. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ లెక్క అలాగే చెబుతోంది. ఆ విస్ఫోటం వెలుగునీ ధూళి మీద పట్టుకున్నారు. 2012లో ఆ వివరాలు వచ్చాయి. విస్ఫోటం అప్పటిదాకా సిద్ధాంతం అనుకున్నదాని కంటే చల్లగా ఉందట, సుమారు 5,000 డిగ్రీలు. అంటే పుస్తకంలో ఉన్న వివరణని దిద్దుకోవాల్సి వచ్చింది.

మా లెక్కల మాస్టారు ఇది విని ఒప్పుకోలేదు. "ఆ నోటా ఈ నోటా పడి వచ్చిన మాటని సాక్ష్యం అంటే ఎలాగండీ? దుమ్ము తన రంగు కలపదూ?" న్యాయమైన ప్రశ్న. కలుపుతుంది. ధూళి నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, కాబట్టి తిరిగి వచ్చే వెలుగు రంగు మారిపోయి ఉంటుంది. ధూళి తెర మందంగా ఉంటే వేర్వేరు రోజుల వెలుగులు కలిసిపోయి ఒక్కటిగా చేరతాయి. ఇవన్నీ లెక్క కట్టి విడదీస్తారు, ఆ లెక్కలో తప్పు దొర్లొచ్చు కూడా. అయినా కోర్టులో సాక్షిని కొట్టిపారేసే ముందు ఒకటి చూడాలి. మూలకాల గీతలు వర్ణపటంలో ఎక్కడెక్కడ పడ్డాయో ధూళి మార్చలేదు. మొహానికి పసుపు పూసుకుని వచ్చినా మనిషిని పోల్చుకుంటాం కదా.

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఒప్పుకున్నారని కాదు, ఫస్ట్ బెల్ కొట్టారు.

తెలుగు మాస్టారి అభ్యంతరం

పాత మాట వద్దన్నవాడు కొత్తది చెప్పాలి. నేను అనుకున్నది "మారువెలుగు". మారుమోగడంలో ఉన్న మారు. టీ తాగుతూ తెలుగు మాస్టారి ముందు పెట్టాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "మారుతల్లి అంటే ఎవరండీ? సవతి తల్లి. మారువేషం అంటే? దొంగ వేషం. మారుపేరు, మారుతాళం... అన్నీ అసలుది కానివే. మీ పిల్లలకి ఇది సవతి వెలుగు అనిపిస్తుంది. మీరేమో అదీ అసలు వెలుగేనని వారం రోజులుగా మా బుర్ర తింటున్నారు."

దెబ్బ తగిలింది. నిజమే, నా వాదనంతా ఇది నకలు కాదు, ఆలస్యంగా వచ్చిన అసలే అని. దానికి నకలు వాసన వేసే మాట పెట్టుకున్నాను.

"పోనీ ప్రతికాంతి అనండి. ప్రతిబింబం, ప్రతిఫలనం అంటున్నాం కదా" అన్నారు. అది నాకు కుదరలేదు. ఫిజిక్సులో ప్రతికణం అంటే వేరే సంగతి, కణానికి విరోధి. ప్రతికాంతి అంటే కాంతిని మింగేసేదేమో అనుకుంటారు. కాసేపు ఇద్దరం అటూ ఇటూ లాగాం. ఆయన వాడుకలో లేని సంస్కృత సమాసాలు రెండు చెప్పారు. అవి పలకడానికి నాకే రెండు మార్లు పట్టింది.

ఆ "రెండు మార్లు" దగ్గరే ఆగాను. మారు అంటే సారి కూడా. ఒకమారు, ఇంకోమారు, ముమ్మారు. ముమ్మారులో దొంగతనం ఏముంది? ఇంకోమారు వచ్చిన వెలుగు మారువెలుగు. తెలుగు మాస్టారు రెండు నిమిషాలు ఆలోచించి, "వ్యాకరణం ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను" అన్నారు. మా ఇద్దరికీ అదే సంధి.

కొత్త మాట పెడితే నిలుస్తుందా అంటే, నిలవకపోవచ్చు. పిల్లలు రేపు ఇంటర్‌కి వెళ్తే అక్కడ లైట్ ఎకో అనే అంటారు, పోటీ పరీక్షలో అదే ఉంటుంది. నా మారువెలుగు మా బడి కాంపౌండు దాటదని నాకు తెలుసు. "సూపర్నోవాని సూపర్నోవా అని వదిలేశారు కదా, దీన్నీ అలాగే వదిలెయ్యొచ్చుగా" అని లెక్కల మాస్టారు. అదీ మంచి మాటే. అర్థం కాని పరాయి మాటతో పెద్ద ప్రమాదం లేదు, దానికి బొమ్మ ఉండదు, మనం బొమ్మ గీసుకోవచ్చు. అర్థమైనట్టు కనిపించే మన మాట తప్పు బొమ్మ గీసి చేతిలో పెడితేనే చిక్కు. "ధూళి"నే చూడండి. ఆ అమ్మాయిలు చార్టులో మేఘానికి గోధుమ రంగు ఫోటోని చూసి వేశారనుకున్నాను. అడిగితే తెలిసింది, మా ఊరి రోడ్డు మీద టెక్కలి వైపు గ్రానైటు లారీలు లేపే దుమ్ము రంగట అది. నక్షత్రాల మధ్య ఉండే రేణువులు అంత లావు కావు. ఇసుక, మసి లాంటి పదార్థాలే, కానీ ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉంటుంది. పొగలో రేణువులంత. దుమ్ము అనే బదులు పొగ అంటే నయం. పొగ అంటే మాత్రం ఎక్కడ మండుతోందని అడుగుతారు. ఈ లెక్కన ఏ మాటని ముట్టుకున్నా వదిలేలా లేదు.

నన్ను అన్నింటికంటే ఇబ్బంది పెడుతున్న సందేహం వేరే ఉంది. చార్టు మీద ముందే "మారువెలుగు" అని రాయించి ఉంటే ఆ అమ్మాయి ఏమీ అడిగేది కాదు. బాగుంది సార్ అని రాసేసి, అంచులకి చమ్కీ అంటించి, లేచి వెళ్ళిపోయేది. నేనూ భోగి మంట దాకా వచ్చేవాణ్ణి కాదు, 6, 8, 10 లెక్క బోర్డెక్కేది కాదు. చెడ్డ మాట కాలికి అడ్డం పడబట్టే ఆగి కిందికి చూశాం. మంచి మాట మీద నుంచి జారిపోయేవాళ్ళం. దీనికి నా దగ్గర జవాబు లేదు. అడ్డం పడుతుందని దారిలో రాళ్ళు పోసుకుంటామా అని నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, ఆ మాట అంత గట్టిగా రావడం లేదు.

చార్టు ఇప్పుడు మా ల్యాబు గోడ మీద ఉంది. "కాంతి ప్రతిధ్వని"ని స్కేలు పెట్టి అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర స్కెచ్‌తో "మారుయెలుగు" అని రాశారు. "వె" అని దిద్దబోయి మానుకున్నాను. వాళ్ళింట్లో అది యెలుగే.

మొన్న ల్యాబులో బీకర్లు కడుగుతూ అదే అమ్మాయి మళ్ళీ అడిగింది. "సార్, మరి యెన్నెలేటి?"

"వెన్నెలేమైంది?"

"అదీ సూరీడు యెలుగే కదా. జాబిల్లిని తగిలి మనకాడికి వస్తాది. ఆలీసింగానే వస్తాది గదా. మరి దానికి పేరుంది గదా సార్, మారుయెలుగని మళ్ళీ ఎందుకు?"

సూర్యుడు ఎప్పుడూ ఒకేలా వెలుగుతాడు కాబట్టి ఆలస్యం మనకి తెలియదని, ఒక్కసారి భగ్గుమని ఆరిపోతే అప్పుడు తెలుస్తుందని చెప్పాను. ఆ పిల్ల ఊరుకోలేదు. ఎంత ఆలస్యమో లెక్క కట్టమంది. అటెండెన్సు రిజిస్టరు వెనక అట్ట మీద కట్టాం. పున్నమి రోజు సూర్యుడు ఒక పక్క, చంద్రుడు ఇంకో పక్క, మధ్యలో మనం. సూర్యుడి వెలుగు మనల్ని దాటి 3,84,000 కిలోమీటర్లు పోయి, చంద్రుణ్ణి తాకి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. భాగిస్తే రెండున్నర సెకన్లు.

"రెండున్నర సెకన్ల మారుయెలుగు" అని ఆ పిల్ల దాని పక్కన రాసి, బీకరు తుడిచి బోర్లించింది.